వలి సాహెబ్ బావిలో జంట

మా కంబన్న మామను తలచుకుంటే నాకు జాలికన్నా ముందు కోపం వస్తుంది. ఆయన్ను చూసి నవ్విన ఊరిమీద అంతకన్నా ఎక్కువ కోపం వస్తుంది. ఇప్పుడు ఇద్దరిమీదా కోప్పడే ఓపిక కూడా లేదనుకోండి.

కోడుమూరు పక్కన మా ఊళ్ళో బెస్తల పెద్ద ఆయన. పిల్లాజెల్లా లేరు. ఆయన వల వేసేవాడు, ఓబులమ్మ అత్త గంప నెత్తిన పెట్టుకొని అమ్ముకొచ్చేది. అదే వాళ్ళ సంసారం.

ఏటా ఎండాకాలం చెరువు అడుగంటగానే మామ ఒక కొర్రమీను జంటను ఏరి వలి సాహెబ్ తోట బావిలో వదిలేవాడు. చెరువు మళ్ళీ నిండాక వాటిని తప్పెట్లతో తెచ్చి నీళ్ళలో వదలాలి. ఊరికి అవే విత్తనం. వాటిని కోస్తే చెరువు గొడ్డుపోతుందని పెద్దల మాట. కొర్రమీనుల్లో ఏది మగదో ఏది ఆడదో చూపుకు అందదు. మామ మాత్రం చేపను నీళ్ళలోంచి ఎత్తకుండానే బొటనవేలితో పొట్ట తడిమి చెప్పేవాడు. నిండుగా మెత్తగా తగిలితే ఆడది, సన్నగా బిగిసి ఉంటే మగది. ఆయన మాటకు ఊళ్ళో ఎదురులేదు.

యాభైరెండు కరువులో చెరువు మాఘంలోనే ఎండిపోయింది. బురదలో చివరికి రెండే చేపలు మిగిలాయి. ఒకటి కాస్త ఒళ్ళున్నది, ఇంకొకటి వట్టి బక్కది. మామ రెండింటినీ తడిమి, "జంటే. దేవుడుండాడు," అని కుండలో వేసుకొని బావికి పోయాడు.

జనం గంజి కేంద్రం ముందు ముంతలు పట్టుకొని నిలబడే రోజులవి. బావిలో రెండు చేపలు తిరుగుతుంటే ఎవరికి నోరూరదు?

"ఏమప్పా కంబన్నా, మనుషులు సస్తాంటే చేపలకు కావలి కాస్తాండావా?" అని ఊరివాళ్ళు నిలదీశారు. మామ మంచం తెచ్చి బావిగట్టున వేసుకున్నాడు.

అంతలో గోరుచుట్టుమీద రోకటిపోటు. కరువు పనికి పోయి రోడ్డు మీద కంకర కొట్టీ కొట్టీ అత్త చలిజ్వరంతో పడిపోయింది. గంజి నోట్లో పోస్తే కక్కేది. ఒక పొద్దు, నేను పక్కనే ఉండగా, మామ చెయ్యి పట్టుకొని అడిగింది.

"ఏమయ్యా, రోంత చేప పులుసు పొయ్యవా? నోరంతా చేదుగా ఉండాది."

మామ తల వంచుకున్నాడు. "జంట పోతాది గదమ్మే. ఏటిలో యాడన్నా దొరుకుతాదేమో చూసొస్తా."

హంద్రీ మడుగులన్నీ తిరిగి ఉత్త చేతులతో వచ్చాడు. కాళ్ళు బొబ్బలెక్కి గడపలోనే కూలబడ్డాడు. నాకు ఒళ్ళు మండింది.

"నీ విత్తనం మన్నుగాను! ముందు ఆమెకు పులుసు పెట్టు మామా," అన్నాను.

అత్తే నన్ను కసిరింది. "నువ్వు ఊరుకోరా. అవి ఊరి చేపలు. శానా అలిసిపోయినాడు, ఆయన్ను తిప్పలు పెట్టొద్దు."

ఆ తరువాత ఆమె మళ్ళీ అడగలేదు. వానలు రాకముందే పోయింది.

శ్రావణంలో చెరువుకు నీళ్ళొచ్చాయి. ఊరంతా కట్టమీదికి చేరింది. మామ గడ్డం మాసిపోయి, మోకాలిమీద ఒక చెయ్యి ఆనించుకుంటూ చంకన కుండతో వచ్చాడు. చేపలకు పసుపు కుంకుమ వేసేది ఏటా అత్తే. ఆ ఏడు ఆయనే వేశాడు.

మొదటి చేపను తడిమి వదిలాడు. రెండోదాని పొట్టకింద వేలు పెట్టి అలాగే ఉండిపోయాడు. వానలకు బావిలోకి చేరిన కప్పల్ని తిని ఆ బక్కది కూడా తేరుకుంది. దాని కడుపునిండా గుడ్లే!

"ఆపండప్పా," అన్నాడు తప్పెట్లవాళ్ళతో. "ఇదీ ఆడదే. కరువుకు కడుపెండిపోయింటే మగదనుకున్న్యా."

నోరు మూసుకొని వదిలేసి ఉంటే ఎవరికి తెలిసేది? చెప్పాడు, పిచ్చి మనిషి. గుంపులోంచి ఒకడు, "పెండ్లాన్ని పస్తుపెట్టి రెండు ఆడచేపల్ని సాకినాడప్పో!" అని అరిచాడు. వాడి నోట్లో మన్ను పడ, నలుగురు నవ్వారు కూడా.

వలి సాహెబ్ గబగబా దిగొచ్చి మామ భుజంమీద చెయ్యి వేశాడు. "మగదాన్ని తుంగభద్ర నుంచి నేను తెప్పిస్తాలే కంబన్నా. మనసు కష్టపెట్టుకోవద్దు. ఆమెకొచ్చింది మాయదారి జరం. పులుసు తాగినా బతికేది కాదప్పా."

మామ రెండో చేపను కూడా నీళ్ళలోకి వదిలాడు.

"బతకదని నాకూ తెలుసు సాహెబ్," అన్నాడు. "తాగి పోయుండేది."