కరక్కాయ నీళ్లు, ఇనప డ్రమ్ము

మా ఇంట్లోకి ఈమధ్య ఇనప కడాయి వచ్చింది. ఆరోగ్యానికి మంచిదట. ఆరోగ్యం సంగతి తెలియదు కానీ, అందులో వండిన ఉసిరికాయ కూర మాత్రం తారు రోడ్డులా ఉంది. ఫిర్యాదు చేద్దామని నోరు తెరిచి, ఆ వగరు వాసన దగ్గరే ఆగిపోయాను. వికారాబాద్‌లో సుశీలమ్మ గారి షెడ్డులో ఒకరోజు ముక్కుకు తగిలింది ఇదే.

ఆమె నా మొదటి యజమానురాలు. తాండూరులో బట్టల దుకాణం ఉన్న కుటుంబం. దుకాణం మరిది చూసుకుంటుంటే, ఆమె వికారాబాద్‌లో రేకుల షెడ్డు వేసి, మోదుగ పూలతో పసుపు, దానిమ్మ తొక్కతో మట్టి రంగు, నీలి ఆకుతో నీలం అద్దేవారు. కెమిస్ట్రీ చదివానని నన్ను పెట్టుకున్నారు. నా పేరు ఆమెకు తెలుసు, వాడలేదు. "ఏమయ్యా బీఎస్సీ" అనేవారు. రంగు నిలవడానికి గుడ్డను ముందు కరక్కాయ నీళ్లలో నానబెడతారు. మొదటి రోజే చెప్పారు: "కరక్కాయ తాగిన గుడ్డకు ఇనుము తాకనియ్యకు. మసిబొగ్గు లెక్క అయితది."

ఆ ఏడు ఈస్టర్‌కు ముందు, చర్చి స్త్రీల సంఘం పెద్ద రూతమ్మ గారు ఆల్టర్ మీద, అంటే చర్చి బలిపీఠం మీద, పరిచే తెల్లగుడ్డ తెచ్చి, మోదుగ పసుపు అద్దమన్నారు. షెడ్డుతో లాభం లేదని ఎప్పుడూ అనే మరిది వచ్చి, "ఇదొక్కటి చూద్దాం వదినా. చెడితే షెడ్డును గోడౌన్ చేసుకుందాం" అని వెళ్లాడు. గోడౌన్లలో బీఎస్సీల అవసరం తక్కువ.

సరిగ్గా అప్పుడే మేం రంగు ఉడకబెట్టే రాగి గంగాళం చుట్టాల పెళ్లికి పోయింది. అడిగితే లేదనడం వాళ్లింట్లో అలవాటు లేదు. పూలు వాడిపోతున్నాయని సుశీలమ్మ గారు ఇనప డ్రమ్ము పొయ్యి మీద పెట్టించారు. "లోపల పెయింటేసిందే గదా" అన్నారు. పెయింటు ఆ మాట వినలేదు, వేడికి పెచ్చులూడింది. గుడ్డ పైకి తీస్తే, నలుపు.

"బోరు నీళ్లు మంచిగ లేవని చెబుదామమ్మా" అన్నాను. వికారాబాద్‌లో బోరు నీళ్లను ఎవరూ వెనకేసుకురారు.

"నోరు మూసుకొని గుడ్డ వట్టుకో."

నీళ్లు కారుతున్న గుడ్డతోనే రూతమ్మ గారింటికి నడిచాం. "తప్పు నాదే రూతమ్మా. ఇనుము వద్దని గీయనకు జెప్పి, నేనే ఇనుముల ఉడకవెట్టిన. ఇంకో గుడ్డ నేనే తెచ్చి, ఆదివారంకల్లా పసుపు జేసిస్త."

రూతమ్మ గారు గుడ్డను వాకిట్లో ఎండకు పరిచి, చుట్టూ ఒకసారి తిరిగారు. నేను మనసులో గోడౌన్‌కు తాళం కూడా వేసేశాను.

"గుడ్ ఫ్రైడేకు పరిచే నల్లగుడ్డ చీలికలై మస్తు దినాలాయె, ఎవ్వరు పట్టించుకుంటలేరు. ఇది గిట్లనే ఉండనీ సుశీలమ్మా. పసుపుది మాత్రం మర్వకు."

గంగాళం తిరిగొచ్చింది. తాండూరు నుంచి ఇంకో గుడ్డా వచ్చింది. ఈస్టర్ పొద్దున ఆల్టర్ మీద మోదుగ పసుపు చూశాక గానీ నాకు అన్నం రుచి తెలియలేదు. షెడ్డు షెడ్డుగానే మిగిలింది.

ఇప్పటికీ ఏదైనా చెడగొడితే నా దగ్గర మంచి సాకులు సిద్ధంగానే ఉంటాయి. వాటిని అక్కడే వదిలి, ఆ రోజు తడిగుడ్డ పట్టుకుని వెళ్లినట్టే నేరుగా ఎదుటివాళ్ల దగ్గరికి వెళతాను. చొక్కా తడుస్తుంది, అంతే.

ఆ ఆదివారం చర్చి నుంచి వస్తూ, తేలికపడ్డ మనసుతో అన్నాను: "చూసిండ్రా అమ్మా, నిజం చెబితే ఎంత మేలైందో."

ఆమె నడక ఆపలేదు. "వాళ్ల నల్లగుడ్డ చినిగింది గనక బతికినం. నిజంతోని కాదు."