ఇటలీ పాటలో నా ఆహా

గల్ఫ్ యుద్ధం ముగిసిన ఏడాది, జిద్దాలో ఒక ఇటలీ పాట రికార్డింగులో నేను పాడాను. మనవలకు ఇలాగే చెబుతుంటాను. నిజానికి నేను ఏసీ మెకానిక్కుని. టేపులోకి రొద రాకుండా ఏసీ ఆపడానికి పిలిచారు.

లూకా అనే ఇటలీ ఇంజనీరు నాలుగు వందల ఏళ్లుగా ఎవరూ పాడని పాటను పాత కాగితాల్లోంచి తీసి ముగ్గురు స్నేహితులకు నేర్పాడు. వాళ్లలో పైగొంతు పాడే ఫిలిప్పీన్స్ డ్రాఫ్ట్స్‌మన్ ఆ సాయంత్రమే ఫైనల్ ఎగ్జిట్ మీద, అంటే ఉద్యోగం ముగించుకుని శాశ్వతంగా, తన దేశానికి వెళ్లిపోతున్నాడు. కింద టాక్సీ ఆగి ఉంది. మళ్లీ పాడే వీల్లేదు.

చెమటలు కారుతుండగా నలుగురూ నాలుగు దారుల్లో పాడారు. ఎవరి గోల వారిదే అనుకుంటుంటే, చివర్లో ఒకే గుమ్మంలోకి వచ్చినట్టు కలిసిపోయారు. కచేరీలకు అలవాటైన నోరు ఊరుకుంటుందా? "ఆహా" అన్నాను, గట్టిగానే.

టేపు వెనక్కి తిప్పి విన్నారు. పాట చక్కగా వచ్చింది, నా ఆహాతో సహా.

"తప్పైపోయింది సార్, అది తీసేయండి" అన్నాను.

"మీ దేశంలో పాట ఆగకముందే అరుస్తారా?" అన్నాడు లూకా.

"బాగుంటేనే సార్. లేకపోతే కాఫీకి లేచిపోతాం."

అతను నవ్వలేదు. "మేం పాడినవాళ్లం. ఇన్నేళ్లకు దీన్ని విన్నవాడివి నువ్వొక్కడివే. ఉండనీ" అన్నాడు.