అవ్వ ఆట

మర్రిగూడలో మా పక్కింటి గోపమ్మ నడుం బోరింగు నీళ్లలోని ఫ్లోరైడుకే వంగిపోయింది. ఇంటికి నల్లా వచ్చినా, ఆ నీళ్లు చప్పగా ఉన్నాయని, నేనెంత తిట్టినా ఆ మొండిది బోరింగు నీళ్లే తెచ్చుకునేది.

ఒకనాడు గోపమ్మ మనవరాలు త్రివేణి కట్టె పట్టుకుని, నడుం వంచి అవ్వ ఆట ఆడుతోంది. మేమంతా నవ్వాం. అది బొమ్మ నోటికి కొబ్బరిచిప్ప పెట్టి, "తాగవే బిడ్డా, బోరింగు నీళ్లు. మీ అమ్మకు చెప్పకే" అంది.

గోపమ్మ ముఖం పాలిపోయింది. "లే! సక్కగ నిలబడు!" అని అరిచింది.

"అవ్వకు నడుం లేస్తదా?" అంది పిల్ల, వంగే ఉండి.

గోపమ్మ చేత్తో దాని వెన్ను తడిమింది. కితకితలకు పిల్ల నవ్వుతూ నిటారుగా లేచింది.

అయినా గోపమ్మ చెయ్యి తియ్యలేదు. "ఇంకోసారి వంగి లేవే, నా తల్లీ" అంది.