ఒత్వం జారిపోయిన అమ్మవారు

పొద్దున పేపరు విప్పగానే లోపలినుంచి పసుపుపచ్చ కరపత్రం ఒకటి ఒళ్ళో పడింది. చవక సిరా వాసన, వేలికి అంటుకునే తడి. ఎవరో కొత్త స్వామి హొసూరు రోడ్డు పక్క ఏదో గుట్టమీద తనంతట తాను వెలిశాడట. నేను దాన్ని చివరి అక్షరం నుంచి మొదటి అక్షరం దాకా వెనక్కి చదువుకుంటూ పోయాను. మూడో పంక్తిలో ఒక వత్తు తప్పు దొరికింది. ఆ స్వామి మీద నాకు అప్పటికే ఉన్న అనుమానం ఇంకాస్త పెరిగింది. "మళ్ళీ మొదలా?" అంది నా భార్య. ఈ రోగం నాకు అంటించినావిడ పేరు రుక్మిణమ్మ.

సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం దొరికి గుంటూరు నుంచి బెంగళూరు వచ్చిన కొత్తలో బళేపేటలో, గాజుల దుకాణాల సందులో, ఒక ప్రింటింగ్ ప్రెస్సు పైన గది అద్దెకు తీసుకున్నాను. రుక్మిణమ్మ ఆ ప్రెస్సు యజమానికి అక్క. అరవై దాటిన మనిషి. పెళ్ళికార్డులు, బిల్లు పుస్తకాలు, గుళ్ళ కరపత్రాలు, కన్నడమైనా తెలుగైనా, ఆమె ప్రూఫు చూసి "సరి" అని రాసి సంతకం పెడితేనే మిషను కదిలేది. మొదటిరోజు నేను "రుక్మిణమ్మగారూ" అని పిలిస్తే కళ్ళద్దాల పైనుంచి చూసింది. "గారూ గీరూ వద్దప్పా. అమ్మా అంటే చాలు" అంది. ప్రూఫును వెనకనుంచి ఎందుకు చదువుతారని అడిగితే, "అర్థం మోసం చేస్తాదప్పా. ముందునుంచి చదివితే అక్కడ లేని అచ్చరం కూడా కనిపిస్తాది" అని చెప్పింది. మా ఆఫీసులో మూడు వారాల శిక్షణలో చెప్పినదానికంటే నాకు ఆ ఒక్క ముక్కే ఎక్కువ పనికొచ్చింది.

ఎవరైనా వచ్చి ఫలానా చోట దేవుడు వెలిశాడంటే ఆమె అడిగేది ఒకటే: "నీకెవరు చెప్పినారు?" పేరు చెబితే, "వానికెవరు చెప్పినారు?" మూడో మనిషి దగ్గరికొచ్చేసరికి చెప్పేవాడు నీళ్ళు నమిలేవాడు. అలాగని నాస్తికురాలు కాదు. రోజూ దీపం పెట్టేది, శుక్రవారం తలస్నానం తప్పేది కాదు. ఇదేమిటమ్మా అని నేను ఎకసెక్కంగా అడిగితే, "దేవుని మీద నాకేం అనుమానం లేదప్పా. మధ్యలో ఉండే వాళ్ళ మీదే" అంది. ఆ మధ్యవాళ్ళలో తానూ ఒకర్తెనని నాకు అప్పుడు చెప్పలేదు.

అది తెలిసింది సరోజ వల్ల. సరోజ ప్రెస్సులో కాగితాలు మడిచే పని చేసేది. ఆమె కూతురు పల్లవికి ఎనిమిదేళ్ళు. రెండో తరగతిలోనే ఆగిపోయింది. టీచరు మొద్దు అని తేల్చేసింది. సరోజ ప్రతి మంగళవారం ఆ పిల్లను బస్సులో చందాపుర దాకా తీసుకెళ్ళి దడ్డమ్మ గుడిలో మొక్కించి తెచ్చేది. కన్నడంలో దడ్డ అంటే చదువు రాని మొద్దు. దడ్డమ్మ అలాంటి పిల్లల్ని కాపాడే తల్లి. పూర్వం ఒక ఆడపిల్లను అందరూ మొద్దని వెక్కిరిస్తే ఆమె ఏడుస్తూ వెళ్ళి రాయిలో కలిసిపోయిందట. పూజారి చెప్పే కథ అది. తొమ్మిది మంగళవారాలు పలక ముక్క, బలపం సమర్పిస్తే చదువు వస్తుందట.

ఒక సాయంత్రం నేను మెట్లు దిగుతుంటే రుక్మిణమ్మ పల్లవి వెనక నిలబడి చేతిలోని ఇనప స్కేలును కావాలనే నేలకు వదిలేసింది. నేను ఉలిక్కిపడ్డాను. పిల్ల తల తిప్పలేదు, బొమ్మ గీసుకుంటూనే ఉంది. "చూసినావా? ఇది మొద్దు కాదప్పా. దీనికి వినపడేది లేదు" అంది రుక్మిణమ్మ.

సరోజను పిలిచి చెవుల డాక్టరుకు చూపించమంది. సరోజ ఒప్పుకోలేదు. "ఆరు వారాలు అయిందమ్మా. మధ్యలో డాక్టరు దగ్గరికి పోతే అమ్మను అనుమానించినట్ల గదా. తొమ్మిదీ కానీ" అంది. తొమ్మిది అయ్యాక ఇంకో తొమ్మిది మొక్కుకుంటుందని మాకు తెలుసు. ఆ పిల్ల ఒక్కో ఏడూ అలా చెవిటిదిగా, బడిలో మొద్దుగా పెరిగిపోతుంది.

మర్నాడు రుక్మిణమ్మ అటకమీంచి పాత ప్రూఫుల కట్ట దించింది. మూడేళ్ళనాటి కరపత్రం తీసి సరోజ ముందు పెట్టింది. చందాపుర గుడివాళ్ళ వార్షిక పూజది. ఆ గుళ్ళో ఉన్నది దొడ్డమ్మ, అంటే పెద్దమ్మ. అచ్చులో 'దొ'కు ఒత్వం జారిపోయి 'దడ్డమ్మ' అయింది. కింద "సరి" అని రుక్మిణమ్మ సంతకం. ఆ కాగితం చూసి ఎవరో తల్లి చదువురాని కొడుకు కోసం మొక్కుకుంది, వాడు పదో తరగతి గట్టెక్కాడు, ఆమె పదిమందికి చెప్పింది. పేరు ముందు పుట్టింది, రాయిలో కలిసిన పిల్ల కథ తరవాత వచ్చింది.

"మా అమ్మ అక్కను మేము దొడ్డమ్మా అనే పిలిచేది. నన్ను పెంచిందే ఆమె" అంది రుక్మిణమ్మ. "ఆ పేరు కనపడేతలికి ముందునుంచి చదివేసినా. భక్తితో చదివినా. అదే తప్పు. నీ దడ్డమ్మ నా కన్నుతప్పులో పుట్టినాది, సరోజా."

సరోజ ఆ సంతకాన్ని వేలితో తడిమింది. "మీరు ముప్పై ఏండ్లలో ఒక తప్పు పోనీలేదని అందరూ అంటారు. ఆ ఒక్కటి ఎట్ల పోయింది మరి? అమ్మకు ఆ పేరు కావల్లని ఉండాది. మీ కన్ను మూసింది" అని కాగితాన్ని కళ్ళకద్దుకుంది. రుక్మిణమ్మ మిగతా ప్రూఫుల కట్టకు తాడు బిగించి మళ్ళీ అటకమీద పెట్టేసింది. నాకు చెప్పలేనంత కోపం వచ్చింది, ఎవరిమీదో తెలియలేదు.

ఆ వారమే గుడివాళ్ళు పరీక్షల ముందు పూజకు కరపత్రం ఇచ్చిపోయారు. రుక్మిణమ్మ ప్రూఫులో దాతల పేర్ల పైన ఉన్న ఒక శ్లోకం కొట్టేసి, పెన్సిలుతో రాసింది: 'మొక్కు కట్టే ముందు బిడ్డకు చెవులు, కండ్లు ఆసుపత్రిలో పరీక్ష చేయించి ఆ చీటీ అమ్మ ముందు ఉంచవలెను. లేనిచో అమ్మ మొక్కు స్వీకరించదు.'

"ఇది మోసం కదమ్మా" అన్నాను.

"మోసమే. మొదటిది తెలీక చేసినా, ఇది తెలిసి చేస్తా ఉండా. నా కన్నును ఇంక నమ్మేది లేదు. నువ్వు చూడు."

నేను వెనకనుంచి చదివాను. అక్షరాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. "సరి" అని రాశాను. కింద సంతకం పెట్టాను.

గుడివాళ్ళు దాతల పేర్లు మాత్రమే సరిచూసుకున్నారు. కరపత్రాలు మడిచింది సరోజే. మడుస్తూ చదివింది, మర్నాడే పిల్లను ఆసుపత్రికి తీసుకెళ్ళింది. రెండు చెవులూ సగానికి పైగా వినపడటం లేదన్నారు. చెవులకు మిషను పెట్టించాక పల్లవి రెండేళ్ళలో క్లాసులో ముందు వరసకు వచ్చింది. సరోజ దడ్డమ్మకు వెండి చెవులు చేయించి, ప్రసాదం తెచ్చి రుక్మిణమ్మ చేతిలో పెట్టింది. ఆమె నోట్లో వేసుకుని, "బెల్లం తక్కువైంది" అని మాత్రం అంది.

రుక్మిణమ్మ పోయి నాలుగేళ్ళు. ప్రెస్సు కూడా మూసేశారు. కిందటి నెల పనిమీద ఆనేకల్ వెళ్ళి వస్తూ చందాపురలో దిగాను. గుడికి గోపురం లేచింది. గుమ్మం మీద ఆమె రాసిన వాక్యం పాలరాతిలో చెక్కి ఉంది. ఎవరు పెట్టిన నియమమిది అని పూజారిని అడిగితే, "మా తాతల కాలం నుంచీ ఉండాది" అన్నాడు. కన్నైనా ఆర్పలేదు.

గుమ్మం పక్కన ఒకామె ఏడేళ్ళ కొడుకుతో నిలబడి ఉంది. యాస చూస్తే మనవైపునుంచి పనికొచ్చిన మనిషిలా ఉంది. "అన్నా, చెవులు చూపించుకుని రాకపోతే అమ్మ మొక్కు తీసుకోదంట. నిజమేనా?" అని అడిగింది.

దాన్ని ఎవరు రాశారో, ఏ శ్లోకం కొట్టేసి రాశారో తెలిసి, కాదని చెప్పగలిగినవాణ్ణి ఇప్పుడు నేనొక్కణ్ణే.

"నిజమేనమ్మా" అన్నాను. "అమ్మ చాలా పట్టింపు మనిషి. చూపించుకునే రండి."

ఆమె కొడుకు చెయ్యి పట్టుకుని బస్‌స్టాపు వైపు నడిచింది. అబద్ధం చెప్పినందుకు నాకు సిగ్గు వెయ్యలేదు. ఆ 'పట్టింపు మనిషి' అన్న మాట ఎవరూ రాసివ్వకుండానే అంత సులువుగా నా నోట వచ్చినందుకు మాత్రం ఇప్పటికీ భయంగా ఉంది.