తీగ మీద వచ్చిన నెలవంక

జాగీర్లు పోయిన మూడో వానాకాలంలో, మధ్యాహ్నం రైలుకు వికారాబాద్ జంక్షన్‌లో దిగాం. నలుగురం. సిగ్నల్స్ దళం. భుజాన రైఫిలు, వీపున కిట్టు, చేతుల్లో టెలిఫోను తీగ చుట్టలు. కింద మైదానంలో దండు విన్యాసాలు. అనంతగిరి కొండ మీద పోస్టు పెట్టి స్టేషను దాకా తీగ లాగాలి. అది తెగకుండా చూడాలి. అంతే ఆర్డరు.

జూన్ ముసురు. డేరా వేసేసరికి బూట్లకు ఎర్రమట్టి పట్టి అడుగు లేవలేదు. రంజాన్ నెల ముగింపుకొచ్చింది. నేను రోజా ఉంటున్నాను. పోస్టుకు పెద్ద మా హవల్దార్, అనంతపురం వైపు మనిషి. నన్ను నవాబూ అని పిలిచేవాడు. అందులో సగం వెక్కిరింత, సగం ప్రేమ.

మాది తాండూరు. యాలాల్ వైపు ఉన్న జాగీరు పోయింది. మిద్దె ఇల్లొకటి మిగిలింది. దాని మీద నాపరాయి పరిచిన డాబా. మూడు తరాలుగా మావాళ్లు ఊరికి నెలవంక చెప్పింది ఆ డాబా మీద నుంచే. చేయి ఎత్తి చెప్పేవారు, కింద గల్లీలోంచి జనం విన్నామని జవాబిచ్చేదాకా దించేవారు కాదు. ఒక ఏడు హైదరాబాద్ నుంచి పండగ అని తారు, అంటే టెలిగ్రాం, వస్తే మా తాతగారు వాపసు పంపారు. సాక్షి ఎదురుగా నిలబడి నా కళ్లతో చూశాను అనాలి. మబ్బు పట్టిన రోజున పండగ నెలవంకకు అలాంటి సాక్షులు ఇద్దరు కావాలి, ఇద్దరూ ముసల్మానులై ఉండాలి. పంచాంగం, లెక్క, తారు, ఏవీ చెల్లవు.

ఆ ఏడు అబ్బాజాన్‌కు కడుపులో పుండు. హకీం రోజా వద్దన్నాడు. నెలవంక చెప్పే ఇల్లే రోజా వదిలితే ఎట్లా అని ఆయన వినలేదు. రక్తం కక్కుతున్నారని, ఒక్కొక్క రోజూ గండమేనని ఇంటి నుంచి కబురు వచ్చింది. నెలకు ఇరవైతొమ్మిదో రోజు అది. ఆ సాయంత్రం నెలవంక కనిపిస్తే తెల్లారి పండగ. కనిపించకపోతే ఆయన ఇంకొక రోజు పస్తు.

హవల్దార్ ట్రంకు పెట్టెలోంచి పంచాంగం తీశాడు.

"నిన్న మధ్యాహ్నమే అమావాస్య పాయ. ఈ పొద్దు కనపడాల్సిందే నవాబూ."

"లెక్కల ఉంటె సాలదు సార్. కండ్ల వడాలె."

"నీ కంట్లో పడకుంటే చంద్రుడు రాజీనామా చేస్తాడా ఏమప్పా?"

పొద్దు గూకింది. పడమట అంతా మబ్బు. కాసేపటికి అది చీలింది. గోటి అంచంత సన్నటి గీత. "అదో" అన్నాడు హవల్దార్. ఇద్దరం చూశాం. వెంటనే మబ్బు మూసుకుంది. మా వంటవాడు డేరాలోంచి బయటికి వచ్చేసరికి ఏమీ లేదు. నాలుగోవాడు తీగ చూడటానికి కొండ దిగి ఉన్నాడు.

ఫోను ఎత్తి కింద ఆఫీసరును ఒక్క రాత్రి సెలవు అడిగాను. "లైనుకు మనిషి లేడు. పొద్దున బదులు మనిషి వచ్చాక వెళ్లు." ఆ మాటలో తప్పు లేదు. నెలవంక చూశానని ఇంటికి చెప్పించమని స్టేషనును అడిగాను. వాళ్లు రైల్వే ఫోను మీద తాండూరుకు చెప్పారు. అక్కడి పోర్టరు మా ఇంటికి పోయి వచ్చాడు. జవాబు అదే దారిన, పోర్టరు మాటల్లోనే తిరిగి వచ్చింది.

"సార్, పెద్దసాబు చెప్పమన్నడు. తీగ మీద వచ్చిన చాంద్ చాంద్ గాదంట. మా అయ్య తారు వాపసు పంపిండు, నా కొడుకని నేను ఒప్పుకుంటనా అన్నడు." ఆపైన తన మాటగా, "సాబు మంచిగ లేడు సార్. జర జల్ది రాండ్రి."

"నేనొస్తా పదప్పా," అన్నాడు హవల్దార్. "ఇద్దరం చూసినాం. నావి కండ్లు కావా?"

రెండో సాక్షి కూడా మావాడే కావాలని చెప్పాను. ఆయన పంచాంగం మూశాడు.

"మా ఊరి మఠం కన్నా మీ ఇంట్లోనే మడి ఎక్కువప్పా."

తెల్లారింది. అది పండగ రోజని నాకు తెలుసు. అయినా రోజా పట్టాను. ఊరు ఒప్పుకోని నెలవంక చూసినవాడు ఊరితో పాటే పస్తుండాలి. బదులు మనిషి ఆలస్యంగా వచ్చాడు. ప్యాసింజరు అందుకుని తాండూరు చేరేసరికి మూడు దాటింది. ముందురోజు అక్కడా మబ్బు పట్టి ఎవరికీ నెలవంక కనిపించలేదు, ఊరంతా రోజాలోనే ఉంది.

అబ్బాజాన్ మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నారు. పడుకోవడం ఇష్టం లేక. నన్ను ఎదురుగా నిలబెట్టారు.

"చూసినవా?"

"చూసిన, అబ్బాజాన్."

"ఇంకెవరు చూసిన్రు?"

"మా హవల్దార్. హిందువు."

"ఇంకా?"

"ఎవ్వరు లేరు."

మా అమ్మీ తలుపు దగ్గర నిలబడి ఉంది. "కొడుకు కండ్లార చూసిండు. బీమారు మనిషికి రోజా మాఫీ ఉంది. ఇంకేం కావాలె మీకు?"

"ఇంకొక్క సాక్షి," అన్నారు ఆయన. నేను పట్టిన నీళ్ల గ్లాసు ముందు పెదవులు బిగించారు. "పొద్దు గుంకనియ్యి, బేటా."

డాబా మీదికి తీసుకుపొమ్మన్నారు. స్టేషను నుంచి నాతో వచ్చిన ఆ పోర్టరు, నేను మంచం ఎత్తి చేర్చాం. పొద్దు గూకింది. అజాన్ అయింది. నీళ్లు పెదవులకు తగిలించారు, మింగలేదు. పడమట ఆ రోజు మబ్బు లేదు. నెలవంక పైకెక్కి, లావుగా ఉంది. మొదటి రోజుది అలా ఉండదు.

చాలాసేపు చూశారు. "ఇది నిన్నటిది. నువ్వు నిజమే చెప్పినవ్."

తెల్లవారకముందే పోయారు. పండగ నమాజు అయ్యాక, అత్తరు పూసుకున్న కొత్త బట్టలతోనే జనం జనాజా మోశారు. దారిలో నాకు ఈద్ ముబారక్ చెప్పబోయి ఆగిపోయినవాళ్లు ఉన్నారు. మూడో రోజు పోస్టుకు తిరిగి వెళ్లాను. పన్నెండేళ్లు నౌకరీ చేసి, పెన్షన్ లేకుండా ఇంటికి వచ్చాను. సరిహద్దు మంచులో మనుషులు పడిపోవడం చూశాను. అవి ఒక్కో రాత్రి వస్తాయి, పోతాయి.

పోనిది ఒకటే. ఆ సాయంత్రం నెలవంక చూశాక, లేపి పిట్టగోడ దగ్గర నిలబెట్టమన్నారు. కుడిచేయి ఎత్తి, కింద గల్లీలోకి "చాంద్ అయింది" అన్నారు. గొంతు లేదు. గల్లీలో మనిషి లేడు. అందరూ ఎవరి కళ్లతో వాళ్లే చూసుకుని బజారుకు పోయారు. ఆయన చేయి దించలేదు. ఊరి జవాబు కోసం నిలబడ్డారు. ఆయన్ని పోర్టరు పట్టుకుంటే నేను మెట్లు దిగి, గల్లీ మధ్యకు పోయి, సైన్యం వర్దీలో అటెన్షన్‌లో నిలబడ్డాను.

"విన్నం, సర్కార్," అన్నాను.

పైన ఆ చేయి మెల్లగా దిగింది.