శుక్రవారం బడి ఉంది

ఆ ఏడాది మా ఇంట్లో రెండు రకాల వారాలు నడిచేవి. జనవరి నుంచి ఈ గల్ఫ్ దేశపు ప్రభుత్వం శుక్ర, శనివారాల వారాంతపు సెలవుల్ని శని, ఆదివారాలకు మార్చింది. మా అమ్మాయి బడి ఆ ప్రకారమే మారిపోయింది, శుక్రవారం మధ్యాహ్నం దాకా బడి పెట్టారు. మా ఆయన కంపెనీ మాత్రం ఈ మార్పులు మాకొద్దని, ఎప్పటిలాగే శుక్రవారం తలుపులు మూసేది. దాంతో శుక్రవారం పొద్దున కరామాలోని మా ఫ్లాటులో ఒకరు గురకపెడుతుంటే ఇంకొకరు యూనిఫాం బొత్తాలు పెట్టుకునేవారు. శనివారం ఇది తారుమారయ్యేది. నేను రెండు రోజులూ తెల్లవారకముందే లేచేదాన్ని. ఎవరికి సెలవొచ్చినా వంటింటికి రాదు కదా.

ఇంత తెలిసిన మేమే ఆ పని చేశాం. హైదరాబాదులో మా చెల్లెలి సీమంతం మార్చి నెలాఖరున, శనివారం పొద్దున అని కబురొచ్చింది. మా ఆయన వెంటనే ఫోను తీసి టికెట్లు వెతికారు.

"శుక్రవారం పన్నెండున్నరకు ఒకటుంది, చేసెయ్యనా?"

నేను దోసెపిండి కలుపుతున్నాను. "శుక్రవారమేగా, చేసెయ్యండి. పాపకి బడి కూడా పోదు" అన్నాను.

వారం వారం శుక్రవారం పిల్లకి డబ్బా కట్టి బస్సెక్కిస్తున్నదాన్ని నేనే. అయినా అలా అన్నాను. పెళ్లై ఈ దేశంలో అడుగుపెట్టిన రోజు నుంచీ శుక్రవారమంటే సెలవు. ఒంటికి పట్టిన అలవాటు, జనవరిలో ఉత్తర్వు వస్తే మార్చికల్లా వదులుతుందా? తిలా పాపం తలా పిడికెడు. తర్వాత ఈ టికెట్ల మీద మేం ఎన్నిసార్లు గొడవపడినా ఆ దోసెపిండి దగ్గరకొచ్చేసరికి ఇద్దరం చల్లబడిపోయేవాళ్లం.

కొన్నాళ్లకు మా అమ్మాయి బడి బస్సు దిగి మెట్లన్నీ పరుగెత్తుకుంటూ ఎక్కింది. అప్పుడది రెండో తరగతి. ఒకటో తరగతి మొత్తం లాప్‌టాప్ ముందే గడిపిన పిల్ల. టీచరు పేరు పెట్టి పిలిస్తే చాలు, కెమెరా ఆపేసి టేబుల్ కింద దూరేది. మళ్లీ బడికి వెళ్లడం మొదలయ్యాక కూడా మాస్కు చాటున ఏం గొణుగుతోందో ఎవరికీ వినబడేది కాదు.

"అమ్మా! నన్ను న్యూస్ రీడర్‌ని చేశారు!" అని అరిచింది. ఎదురు ఫ్లాటు దాకా వినబడింది.

సంగతేమిటంటే, సెలవులకు ముందు వాళ్ల బడిలో ఒక పెద్ద అసెంబ్లీ ఉంటుంది. చాలాకాలం తర్వాత తల్లిదండ్రుల్ని కూడా లోపలికి రానిస్తున్నారు. ఎప్పుడూ సర్క్యులర్‌లో పంపించే బడి కబుర్లు, ఇంట్లోవాళ్లు గుర్తుంచుకోవాల్సిన విషయాలు ఈసారి ఒక పాపే స్టేజి మీద నిలబడి, టీవీలో వార్తల్లాగా చదవాలట. ఆ పాప మా పాప! నాకు కాళ్లు నేల మీద నిలవలేదు. చేతికి పిండి అంటుకుని ఉండగానే దాన్ని ఎత్తుకుని గిర్రున తిప్పాను. యూనిఫాం నిండా తెల్లటి వేలిముద్రలు పడ్డాయి.

ఆ సాయంత్రమే ఇస్త్రీ బల్ల వార్తల డెస్కు అయింది. వాళ్ల నాన్న టై మోకాళ్ల దాకా వేలాడుతోంది. టీచరు రాసిచ్చిన ఇంగ్లీషు కాగితం పట్టుకుని, గొంతు సవరించుకుని మొదలుపెట్టింది.

"నమస్కారం. ముందుగా వార్తలు. మన బడి తోటలో టమాటాలు కాశాయి. మూడో తరగతి పిల్లలు వాటితో సూప్ చేశారు. దారితప్పిన నీళ్ల సీసాలు చాలా ఉన్నాయి, ఆఫీసు గదికి వచ్చి తీసుకెళ్లండి. ఒంటరి బూటు కూడా ఒకటుంది."

నేను వంటింట్లో పోపు వేస్తూ పగలబడి నవ్వుతున్నాను. ఒంటరి బూటు దగ్గర అది గొంతు ఎంత దిగులుగా పెట్టిందో!

"ఇక గుర్తుంచుకోవాల్సినవి. లైబ్రరీ పుస్తకాలు తిరిగివ్వండి. స్వెట్టర్ల మీద పేర్లు రాయండి. ఈ రోజు శుక్రవారం, సెలవులకు ముందు చివరి రోజు. బడి వదిలేదాకా అందరూ ఉండాలి. దయచేసి ప్రయాణాలున్నాయని పిల్లల్ని ముందే తీసుకెళ్లకండి."

ఆవాలు చిటపటలాడి మాడిపోయాయి.

"ఏవండీ! టికెట్లు ఎప్పటికి?"

"శుక్రవారానికి. ఎందుకు? ఆ రోజు బడి లే..." అంటూ ఆయన సోఫాలోంచి లేచి నిలబడిపోయారు.

ఆ రాత్రి, మర్నాడు ఆయన ఫోను దించలేదు. సాయంత్రం విమానంలో సీట్లు లేవు. శనివారం బయల్దేరితే సీమంతం అయిపోయి అందరూ చేతులు కడుక్కునే వేళకి చేరతాం. చెల్లెలికి తొలి కాన్పు, అక్కనైన నేను గాజులు తొడగకపోతే ఎలా? చివరికి మా ఆయన పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని బుజ్జగించబోయారు.

"వేరే పాప చదువుతుందిలే బంగారం. వచ్చే ఏడాది నువ్వే చదువుదువుగాని."

అది ఏడుస్తుందనుకున్నాం. ఏడవలేదు. కాగితం మడతలు విప్పి ఆ వాక్యం మీద వేలు పెట్టింది.

"ముందే తీసుకెళ్లకండి అని అందరికీ చెప్పేది నేనే కదా నాన్నా. మరి నన్నే మీరు తీసుకెళ్తే ఎలా?"

చెప్పేవి శ్రీరంగనీతులు అంటారే, అలాంటి పేరు ఏడేళ్ల పిల్లకి తెచ్చిపెట్టబోయాం. నాకు సిగ్గేసింది. అంతకన్నా ఎక్కువ గర్వంగా అనిపించింది. టేబుల్ కింద దూరే పిల్ల ఇప్పుడు మమ్మల్ని నిలబెట్టి అడుగుతోంది. అది చదవాల్సిందే, మేం విమానం ఎక్కాల్సిందే అని అప్పుడే తీర్మానించేశాం. మా ఆయనకైతే ఒక్కసారిగా హుషారొచ్చింది. ఇలాంటి పరుగుపందాలంటే ఆయనకు మహా ఇష్టం.

మర్నాడు నేను బడికెళ్లి క్లాస్ టీచరుని కలిశాను. ఆవిడ మలయాళీ, నెమ్మదస్తురాలు. అంతా ఉన్నదున్నట్టు చెప్పేశాను. వార్తలు కార్యక్రమం మొదట్లో పెట్టమని బతిమాలాను.

"గుర్తుచేసే విషయాలు చివర్లోనే చెప్పాలి. ముందు చెబితే డాన్సులు చూసి అన్నీ మర్చిపోతారు" అంది ఆవిడ. "పదింటికల్లా మీ పాప వంతు వచ్చేలా చూస్తాను. కానీ గేటు పాసు నా చేతిలో లేదు. ఈసారి ఎవరినీ ముందు పంపేది లేదని ప్రిన్సిపాల్ మేడమ్ గట్టిగా చెప్పారు."

అంటే, వార్తలు అయ్యాక కూడా గేటు దాటతామన్న నమ్మకం లేదు. విమానాశ్రయంలో కౌంటరు పదకొండున్నరకు మూసేస్తారు. బడి వదిలేదీ పదకొండున్నరకే.

ఎదురు ఫ్లాటులో నెల్లూరు భాయ్ కుటుంబం ఉంటుంది. ఆయన మొబైల్ షాపులో పనిచేస్తారు, పండక్కి మాకు షీర్ ఖుర్మా, ఉగాదికి వాళ్లకి పులిహోర. విషయం విని ఆయన చెయ్యి ఊపేశారు.

"కంగారు పడబాకమ్మా. సామాన్లన్నీ నా డిక్కీలో పడేయండి. బడి గేటు కాడే ఉంటా. మిమ్మల్ని దించేసి జుమ్మా నమాజుకి అందుకుంటా. పాప మాత్రం బాగా చదవాల."

శుక్రవారం వచ్చింది. పట్టుచీర మీద స్పోర్ట్స్ బూట్లతో నేను, పక్కన మా ఆయన, పాస్‌పోర్టులు పెట్టుకున్న సంచీతో ముందు వరసలో కూర్చున్నాం. బూట్లు పరుగెత్తాల్సొస్తుందని. హాలు కిటకిటలాడుతోంది. రెండేళ్లుగా తెర మీద చతురస్రాల్లో చూసిన పిల్లలు నిజంగా ఎదురుగా గెంతుతుంటే అందరికీ పండగలాగే ఉంది. మా వెనక వరసలో ఒకాయన, పక్కన కొడుకు. ఆయన కాళ్ల దగ్గర చక్రాల చిన్న పెట్టె కనబడింది. నేను మా ఆయన్ని మోచేత్తో పొడిచాను. ఆయన చూసి నవ్వాపుకోలేకపోయారు. మనమొక్కళ్లమే కాదన్నమాట!

పాటలయ్యాయి. డాన్సులయ్యాయి. ఒక బృందానికి మధ్యలో సంగీతం ఆగిపోతే మళ్లీ మొదటి నుంచీ ఆడించారు. బహుమతులు మొదలయ్యాయి, అవి ఎంతకీ తెమలవు. పది దాటింది. బయట భాయ్ నుంచి "ఏమైంది?" అని మెసేజి. చేతి గడియారం చూడటం మానేద్దామని దాన్ని విప్పి సంచీలో వేశాను. మళ్లీ సంచీలో చెయ్యి పెట్టి చూశాను.

అప్పుడొచ్చింది మా అమ్మాయి. మాస్కు తీసి జేబులో పెట్టుకుంది. టై సరిగ్గా కట్టుంది. మైకు ముందు ఒక్క క్షణం ఆగింది. ఆ ఒక్క క్షణం నాకు విమానమూ గుర్తులేదు, సీమంతమూ గుర్తులేదు. నోరు విప్పుతుందా లేదా, అంతే.

"నమస్కారం. ముందుగా వార్తలు."

గొంతు ఖంగుమంది! టమాటాల సూప్ దగ్గర మూడో తరగతి వాళ్లు చప్పట్లు కొట్టారు. ఒంటరి బూటు దగ్గర హాలంతా "అయ్యో" అంది. నా కళ్లు మసకబారాయి. లైబ్రరీ పుస్తకాలు, స్వెట్టర్లు అయ్యాయి. చివరి రోజు సంగతి వచ్చింది. "దయచేసి ప్రయాణాలున్నాయని పిల్లల్ని ముందే తీసుకెళ్లకండి" అని చదివింది. అక్కడితో కాగితం అయిపోయింది. మా అమ్మాయి మాత్రం దిగలేదు. కాగితం కిందికి దించి హాలు వంక చూసింది.

"ఇప్పుడు శుక్రవారం బడి ఉంది. అమ్మానాన్నలు మర్చిపోతున్నారు. టికెట్లు కొనేముందు మమ్మల్ని అడగండి. మాకు తెలుసు."

హాలంతా ఘొల్లున నవ్వింది. మా వెనకాయన కాలితో పెట్టెను కుర్చీ కిందికి తోస్తున్న చప్పుడు నాకు వినబడింది. నవ్వులు ఆగాక ప్రిన్సిపాల్ మేడమ్ మైకు తీసుకున్నారు.

"అయితే నిజం చెప్పండి. ఇవాళ విమానం ఉన్నవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి."

పెద్దపెద్ద ఉద్యోగాలు చేసేవాళ్లంతా హోంవర్కు చెయ్యని పిల్లల్లా తలలు వంచుకున్నారు. మేం కూడా. ఎవరి చెయ్యీ లేవలేదు.

స్టేజి మీద ఒక చెయ్యి లేచింది. మా అమ్మాయిది.

మా ఆయన ఒక్క ఉదుటున లేచి నిలబడి చెయ్యెత్తారు. నేనూ ఎత్తాను. ఆ తర్వాత అక్కడొకటి, ఇక్కడొకటి, చూస్తుండగా హాలు నిండా చేతులే. ప్రిన్సిపాల్ మేడమ్ ఆ చేతుల వంక చూసి, మా అమ్మాయి వంక చూసి, నవ్వుతూ తల పట్టుకున్నారు. "న్యూస్ రీడర్ మాట విన్నారుగా. ఈ ఒక్కసారికే. మళ్లీ అడగొద్దు. గేటు దగ్గర వరసలో నిలబడండి" అన్నారు.

ఇక చూడాలి మా పరుగు! టీచరు గేటు పాసు చేతిలో పెట్టి మా అమ్మాయి బుగ్గ పుణికింది. అన్నట్టు ఆ వరసలో మాకన్నా ముందు నిలబడినవాడు వెనకవరస పెట్టె ఆయనే. భాయ్ కారు ఇంజను ఆపకుండానే తలుపులు తెరిచారు.

"యల్లా, యల్లా, ఎక్కండి! చదివిందా?"

"చదివింది భాయ్! కాగితంలో లేనిది కూడా చదివింది!"

దారంతా ఆయన అడిగి అడిగి చెప్పించుకున్నారు, స్టీరింగు మీద చేత్తో కొట్టి నవ్వారు. మేం రొప్పుతూ చేరేసరికి కౌంటరు అమ్మాయి బోర్డు తిప్పబోతోంది. మా అమ్మాయి యూనిఫాం, టై చూసి ఆగింది. పెట్టెలు తీసుకుంది. సీట్లలో కూలబడ్డాక నాకు ఊపిరందింది. పట్టుచీర నలిగి ముద్దయింది, అయినా ఆ రోజంత సంతోషంగా నేనెప్పుడూ విమానం ఎక్కలేదు.

మా అమ్మాయి మాత్రం కూర్చోలేదు. సీటు మీద మోకాళ్లేసుకుని వెనక్కి చూస్తోంది. రెండు వరసల వెనక అదే మనిషి, కొడుకుతో, కుక్కిన పేనులా కూర్చుని ఉన్నాడు.

"అంకుల్, మీరు చెయ్యెత్తలేదు. నేను చూశాను."

నేను దాని నోరు ముయ్యబోయాను. ఆయన ఇటూ అటూ చూశాడు. పక్కన కొడుకు కిసుక్కున నవ్వాడు.

"ఏం జెయ్యాలె బిడ్డా, ప్రిన్సిపాల్ అంటే నాకు గిప్పటికీ భయమే" అన్నాడాయన.

మా అమ్మాయి ఆయన్ని అలాగే చూస్తూ ఉంది. ఆయన ఒక నిట్టూర్పు విడిచి, బెల్టుతో కూర్చున్నవాడు కూర్చున్నట్టే, మెల్లగా చెయ్యి పైకెత్తాడు.

అది తృప్తిగా తలూపి ముందుకు తిరిగి కూర్చుంది. ఆయన చెయ్యి చూసి ఎయిర్ హోస్టెస్ పరుగున వచ్చింది. "ఏం కావాలి సర్?" అని అడిగింది.