బియ్యం డబ్బా మీది పుస్తకం

ఈదయ్య పగలు అశోక్‌నగర్‌లో ఇటుకలు మోసేవాడు. సాయంత్రం నారాయణగూడ కాలేజీలో పి.యు.సి. చదివేవాడు. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమంతో కాలేజీ మూతపడింది. పాఠాలు ఆగాయి, పరీక్ష మాత్రం ఆగేలా లేదు. అర్థశాస్త్రానికి తెలుగులో దొరికేది ఒకటే పుస్తకం. చిక్కడపల్లిలో తనుండే పేట గ్రంథాలయంలో దానిది ఒకటే ప్రతి.

"బయటికెళ్ళిందయ్యా," అనేవాడు గుమాస్తా విశ్వేశ్వరరావు, ఎప్పుడడిగినా. "అయినా నీకు కార్డేదీ? పూచీకి సొంత ఇల్లున్నవాళ్ళ సంతకం పట్రా."

"ఇండ్లు కట్టేటోల్ల సంతకం నడవదా సార్?"

గుమాస్తా నవ్వాడు. ఈదయ్య నవ్వలేదు.

పరీక్ష వారంలోకి వచ్చింది. ఒక రోజు వీరరాఘవరావు అనే పెద్దమనిషి ఇంటిపై కడుతున్న మేడకు ఇటుకలు మోస్తూ, మంచినీళ్ళకని వంటింటి గుమ్మం దగ్గర ఆగాడు. బియ్యం డబ్బా మూత మీద అదే పుస్తకం. అట్ట మీద గ్రంథాలయం ముద్ర.

"అమ్మా, గా పుస్తకం ఎన్నాళ్ళ సంది ఉన్నది?"

"ఏడాదవుతోందేమో," అంది ఇంటావిడ రత్నమాల, చెంబు అందిస్తూ. "మావాడు పరీక్ష పాసయ్యాక అలాగే ఉండిపోయింది. ఇంట్లో అందరికీ కార్డులున్నాయిగా! ఇది మా చంటిదాని కార్డు మీద తెచ్చారు. దానికింకా అఆలే రావు."

"లైబ్రరోల్లు అడగలేదా?"

"మమ్మల్నెవరడుగుతారయ్యా?"

చెంబు గడప మీద పెట్టేశాడు. ఈదయ్య నీళ్ళు తాగలేదు.

"నేను ఇచ్చొస్తనమ్మా."

"ఇచ్చెయ్యి, నీకు పుణ్యముంటుంది. ఎలుకలు మూత తోసేస్తాయి, బరువుకో ఇటుక తెచ్చి పెట్టు."

ఇటుక తెచ్చి పెట్టాడు. పుస్తకం తీసుకున్నాడు. పని మధ్యలో వదిలేసి, సిమెంటు అంటిన కాళ్ళతోనే చిక్కడపల్లి నడిచాడు.

విశ్వేశ్వరరావు పుస్తకం అందుకోబోయాడు. "రిజిస్టర్లో ఎక్కించి బీరువాలో పెట్టాలి. రేపు రా."

ఈదయ్య వదల్లేదు. "ఏడాది సంది రిజిస్టర్ చూడలే. నా తానికొస్తెనే యాదికొచ్చిందా?"

చదువుకుంటున్నవాళ్ళు తలలు తిప్పారు.

"అరవకు. కార్డు లేదు నీకు."

"ఇంటికి తీస్కపోత అన్ననా? గీడనే కూసుంట. లేపున్రి, చూస్త."

బల్ల దగ్గర కూర్చుని పుస్తకం తెరిచాడు. కోపానికి మొదటి వాక్యం తలకెక్కలేదు. మళ్ళీ చదివాడు. గుమాస్తా వచ్చి పక్కనే నిలబడ్డాడు. ఈదయ్య తల ఎత్తకుండా ఆ వాక్యమే పైకి చదవడం మొదలుపెట్టాడు.